ఆమేన్ అనని లేయమ్మ

మన తాతల తాతలు దోగాడే రోజుల మాట ఇది. మా అమ్మమ్మకు వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. ఆవిడకు ఎవరు చెప్పారో నాకు తెలీదు.

ఎర్రవాగు ఒడ్డున ఒక పాలెం ఉండేది. పాలెంలో తాటాకులు కప్పిన యేసయ్య గుడి ఉండేది. గుడిలో ఆడవాళ్ళ వైపు, చివరి చాప మీద, గుంజకు ఆనుకుని ఒక మనిషి కూర్చునేది. ఆవిడే లేయమ్మ.

లేయమ్మ గొప్పదేం కాదు. కలుపు తీసేది, మిరపకాయలు కోసేది, జొన్న కంకులు విరిచేది. అక్షరమ్ముక్క రాదు. పాట ఎత్తుకుంటే పక్కవాళ్ళు మొహాలు చూసుకునేవాళ్ళు. మొగుడు ఏలియా, ఒక్కగానొక్క కొడుకు సీమోను. అంతే ఆవిడ సంసారం.

ఆ పాలెంలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా ప్రార్థన మొదలుపెడితే, ఆ మనిషి ఆమేన్ అనేదాకా ఎవరూ కదలకూడదు. లేవకూడదు. తలపాగా చుట్టకూడదు. ఎవరి మీదా చెయ్యెత్తకూడదు. ప్రార్థన చేసిన మనిషి ఆమేన్ అనాలి, విన్నవాళ్ళలో మనసొప్పినవాళ్ళు ఆమేన్ అనాలి, అప్పుడే కదలాలి. పెద్దలు పెట్టిన మాట. పసిపిల్లలకు కూడా తెలుసు.

ఒక ఏడు ఎండలు ముందే వచ్చాయి. వాగు సన్నగిల్లింది. మిరప చేలకు నీళ్ళు చాలక కాలవకు వంతులు పెట్టుకున్నారు. ఏలియా వంతు వచ్చిన రోజున గిద్యోను అనేవాడు మడవ తిప్పి నీళ్ళు తన చేలోకి పెట్టుకున్నాడు.

గిద్యోను పరాయివాడేం కాదు. ఏలియాను అన్నా అని పిలిచేవాడు. లేయమ్మను వదినా అనేవాడు. లేయమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు తాటిచెట్టెక్కి ముంజకాయలు కోసి తెచ్చింది కూడా వాడే.

కానీ ఆ రోజు ఎండ ఎండలా లేదు. మాటకు మాట పెరిగింది. గిద్యోను చేతిలో పార ఉంది. ఒక్కటే దెబ్బ. ఏలియా గట్టు మీద పడ్డాడు, మళ్ళీ లేవలేదు. గిద్యోను కాసేపు పారను చూసుకున్నాడు. తరువాత దాన్ని కాలవలో పారేసి కొండల వైపు పరిగెత్తాడు. తాలూకా జవాన్లు వచ్చి వెతికారు. దొరకలేదు.

ఆ తరువాతి ఆదివారం గుడి నిండిపోయింది. ఆ గుడికి ఒక ఉపదేశి ఉండేవాడు. వాక్యం చదివి, "ఎవరైనా ప్రార్థన చేస్తారా?" అని అడిగాడు.

చివరి చాప మీంచి లేయమ్మ లేచింది.

"ప్రభువా, గిద్యోనును చంపెయ్. నా కొడుకు కళ్ళముందు చంపెయ్. ఆమేన్."

గుడిలో ఒక్క గొంతు లేవలేదు. ఒక్క సీమోను, అప్పటికి ఆమె నడుముదాకా కూడా రాని పిల్లవాడు, "ఆమేన్" అని గట్టిగా అరిచాడు.

ఉపదేశి బయట ఆమెను ఆపాడు. "అలా అడగకూడదమ్మా."

"ఎలా అడగాలో నాకు తెలీదయ్యగారూ. లోపల ఉన్నదే అడిగాను. లేనిది అడిగితే ఆయనకు తెలీదా?"

ఉపదేశి పక్కకు తప్పుకుని ఆమెకు దారి ఇచ్చాడు.

అప్పటినుంచి లేయమ్మ మానలేదు. పనికి పోయేముందు గుడిలో మోకరించి అదే మాట. పనినుంచి వచ్చాక అదే మాట. ఆదివారం అందరిలో అదే మాట. ప్రతిసారీ పక్కన సీమోను ఆమేన్.

వాగు పారుతూనే ఉంది. లేయమ్మ అడుగుతూనే ఉంది.

గిద్యోనుకు తల్లి ఉంది. రిబ్కమ్మ. కొడుకు పారిపోయినప్పటినుంచి ఆమె గడప ఎవరూ తొక్కలేదు. నిప్పు అడిగితే ఇచ్చేవాళ్ళు లేరు. ఒక సాయంత్రం ఆ ముసలామె గుడి బయట లేయమ్మకు ఎదురు నిలబడింది.

"నా కొడుకును చంపమని అడుగుతున్నావంట."

"అడుగుతున్నా."

"నేను బతికించమని అడుగుతున్నా. ఆయన ఎవరి మాట వింటాడంటావు లేయా?"

"నా మాటే వింటాడు. పోయింది నా మొగుడు."

"అయితే నువ్వూ మానకు. నేనూ మానను" అని రిబ్కమ్మ పోయింది.

తరువాతి ఆదివారం లేయమ్మ లేచి "చంపెయ్" అంది. సీమోను ఆమేన్ అన్నాడు. వెంటనే ముందు వరసలోంచి రిబ్కమ్మ లేచి "ప్రభువా, గిద్యోనును బతికించు" అంది. దానికి ఆమేన్ అన్నవాళ్ళు లేరు. జనం తలలు వంచుకుని చాపల అంచులు చూస్తూ కూర్చున్నారు. ఆ వారం అంతే, పై వారం అంతే, పై ఏడు అంతే. ఒక గొంతు చంపమంటుంది, ఒక గొంతు బతికించమంటుంది. ఆ రెండిటి మధ్య గుడికి ఊపిరాడేది కాదు.

సీమోను ఎదిగాడు. వాడి ఆమేన్ కూడా ఎదిగింది. పీలగొంతు పోయి బొంగురు గొంతు వచ్చింది.

ఒక ఆదివారం లేయమ్మ లేచి తన మాట తాను అడిగింది. సీమోను ఆమేన్ అన్నాడు. ఆ తరువాత అలవాటుగా అందరూ ఆగారు. ముందు వరస నుంచి ఏ గొంతూ రాలేదు. రిబ్కమ్మ చోటు ఖాళీగా ఉంది.

మరుసటి వారమూ ఖాళీయే. ఆ పై వారమూ ఖాళీయే. లేయమ్మకు కావడిలో ఒక పక్క కుండ పగిలినట్టయింది. ఎటు మొగ్గుతోందో తెలీలేదు. అన్నం తినబోతే సయించలేదు. ఒకరోజు పొద్దున్నే జొన్నగంజి చెంబులో పోసుకుని రిబ్కమ్మ గుడిసెకు పోయింది.

ముసలామెకు పక్షవాతం వచ్చింది. నోరు ఒక పక్కకు పోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది. లేయమ్మ తల ఎత్తి పట్టుకుని గంజి తాగించింది.

"నాకు మాట తిరగట్లేదు లేయా" అంది రిబ్కమ్మ. "ఈ పాలెంలో వాడి పేరెత్తేది ఇద్దరమే, నువ్వూ నేనూ. ఇక నా వంతు కూడా నువ్వే అడుగు."

"నేనెట్టా అడుగుతా అత్తా? నీ కొడుకు నా మొగుణ్ణి చంపాడు."

"అందుకే నిన్ను అడుగుతున్నా. నేనడిగితే తల్లి గదా అనుకుంటాడు. నువ్వడిగితే ఆయన కాదనలేడు."

లేయమ్మ చెంబు కడిగి బోర్లించి వచ్చేసింది.

ఆదివారం వచ్చింది. లేయమ్మ లేచింది. "ప్రభువా, గిద్యోను..." అంది. చంపమని రాలేదు. బతికించమనీ రాలేదు. పేరు వరకే వచ్చింది. చివరికి "ఆమేన్" అంది.

సీమోను ఆమేన్ అనలేదు.

ఇంటికి పోయే దారిలో అడిగాడు. "చంపెయ్ అనలేదేమ్మా?"

"రాలేదురా."

"నాకు వస్తుంది" అన్నాడు వాడు.

ఆ రోజునుంచి సీమోను తల్లి పక్కన కూర్చోలేదు. మగవాళ్ళ వైపు, తన సొంత చిన్నాయన నాతాను పక్కన కూర్చున్నాడు. నాతాను ఏలియాకు తోడబుట్టిన తమ్ముడు. పాలెంలో అందరూ ఆయన మాటకు భయపడేవాళ్ళు. "మీ అమ్మ మెత్తబడింది. నువ్వు మెత్తబడకు" అని నూరిపోసేవాడు.

లేయమ్మ మాత్రం మానలేదు. "ప్రభువా, గిద్యోను." మొదట్లో ఆ పేరు గొంతులో ముల్లులా గుచ్చుకునేది. అయినా అంది. కొన్నాళ్ళకు ముల్లు అరిగింది. ఒకరోజు ఆ పేరు వెనకాలే ముంజకాయలు పట్టుకున్న కుర్రాడు గుర్తొచ్చాడు. ఆమె ఉలిక్కిపడింది. ఇంకో రోజు, అడగాలని అనుకోకుండానే, "ఎక్కడున్నాడో, ఏం తింటున్నాడో" అని నోట్లోంచి వచ్చేసింది.

వాగు పారుతూనే ఉంది. లేయమ్మ అడుగుతూనే ఉంది.

అలా ఉండగా ఒక తెల్లవారుజామున రిబ్కమ్మ పోయింది. దగ్గరున్నది లేయమ్మ ఒక్కతే. శవానికి స్నానం చేయించింది, తన చీరల్లో మంచిది చూసి కట్టింది. గొయ్యి తవ్వడానికి ఎవరూ రాలేదు. నాతాను వద్దన్నాడని ఒకడు, నడుం పట్టిందని ఒకడు, మాట కూడా చెప్పకుండా ఇంకొకడు తప్పుకున్నారు. ఉపదేశి కూడా తలుపు తీయలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పాలెంలో ఒక మాట పాకింది. సమాధుల దొడ్డిలో ఎవడో గొయ్యి తవ్వుతున్నాడు. గడ్డం పెరిగిన మనిషి. గిద్యోను! చావు కబురు కొండలదాకా ఎవరు మోశారో తెలీదు.

లేయమ్మ రిబ్కమ్మ గడపలో నిలబడి ఉంది. ఎదురుగా సీమోను వస్తున్నాడు. చేతిలో గొడ్డలి.

"ఎక్కడికిరా?"

"నువ్వు అడిగినదానికే."

"నేనేం అడిగానురా?"

"నా కొడుకు కళ్ళముందు చంపెయ్ అని అడిగావు. నేను ఆమేన్ అన్నాను. ఇన్నాళ్ళకు ఆయన విన్నాడు. వాణ్ణి తెచ్చి నా ముందు పెట్టాడు. ఇక మధ్యలో నువ్వు రాకు."

లేయమ్మ గడప పట్టుకుని కూలబడింది. వాడు చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఆ మాట తనదే. ఆ ఆమేన్ పసివాడి నోట్లో పెట్టింది తనే.

సీమోను సమాధుల దొడ్డికి చేరాడు. గిద్యోను నడుంలోతు గోతిలో ఉన్నాడు. తలెత్తి చూశాడు. గొడ్డలి చూశాడు. పైకి ఎక్కలేదు, పారిపోలేదు.

"అన్న పోలికే వచ్చింది నీకు" అన్నాడు.

సీమోను గొడ్డలి ఎత్తి పట్టుకున్నాడు.

"మా అమ్మను మట్టిలో పెట్టనియ్యి సీమోనూ. తరువాత నీ ఇష్టం. ఈసారి పరిగెత్తను."

సీమోను మట్టిగుట్ట మీద కూర్చున్నాడు. గొడ్డలి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "కానియ్యి" అన్నాడు.

గిద్యోను తవ్వడం ముగించి, తల్లిని తేవడానికి గుడిసెకు పోయాడు. సీమోను వెనకాలే పోయాడు, వదలకుండా. శవం నులకమంచం మీద ఉంది. మంచం ఎత్తాలంటే ఒక్కడివల్ల కాదు. గిద్యోను తలవైపు పట్టుకుని ఆగాడు. అటూ ఇటూ చూశాడు. వాకిళ్ళలో జనం ఉన్నారు. ఒక్కరు కదల్లేదు.

గడపలోంచి లేయమ్మ లేచింది. కాళ్ళవైపు పట్టుకుంది.

"వదినా..." అన్నాడు గిద్యోను.

"ఎత్తు" అంది లేయమ్మ.

తన మొగుణ్ణి చంపినవాడి తల్లిని లేయమ్మ మోసుకుపోయింది. పక్కనే కొడుకు గొడ్డలితో నడిచాడు. మంచం కోళ్ళ కిర్రు తప్ప ఇంకేం వినపడలేదు.

దించారు. మట్టి పోశారు. దొడ్డి కంచె అవతల పాలెం అంతా వచ్చి నిలబడింది. ముందు నాతాను. గిద్యోను చేత్తో మట్టి సర్ది, పార దూరంగా పెట్టి, సమాధి పక్కన మోకరించి మెడ వంచాడు.

"ఇక నీ ఇష్టం" అన్నాడు.

సీమోను లేచాడు.

"ఆగు" అంది లేయమ్మ. "ప్రార్థన కాలేదు. ప్రార్థన లేకుండా మా అత్తను పంపను."

చేతులు జోడించింది. "ప్రభువా..."

ఆ మాట వినగానే కంచె అవతల మగవాళ్ళు తలపాగాలు తీశారు. ఎత్తబోయిన గొడ్డలి సీమోను పక్కకు దిగిపోయింది. చిన్నప్పటి అలవాటు అది. వాడి చెయ్యి వాణ్ణి అడక్కుండానే దిగింది.

లేయమ్మ రిబ్కమ్మ కోసం అడిగింది. ఏలియాను తలుచుకుంది. తరువాత తన మాటకు వచ్చింది.

"ప్రభువా, ఆ రోజు నేను చంపెయ్ అన్నాను. నా పక్కన పసివాడు ఆమేన్ అన్నాడు. తప్పు వాడిది కాదు, నాది. ఆ మాట నాకు వెనక్కి ఇచ్చెయ్యి తండ్రీ. వాడి చేతికి ఇవ్వకు. ప్రభువా, గిద్యోను. ప్రభువా, సీమోను."

జనం ఆమేన్ కోసం ఎదురుచూశారు. ఆమె ఆమేన్ అనలేదు.

"ప్రభువా, గిద్యోను. ప్రభువా, సీమోను."

మళ్ళీ అదే. మళ్ళీ అదే. నీడలు అటునుంచి ఇటు తిరిగాయి. గిద్యోను మెడ వంచే ఉన్నాడు. సీమోను గొడ్డలి పట్టుకునే ఉన్నాడు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. ఆమె ఎందుకు ఆపడం లేదో మెల్లమెల్లగా అందరికీ తెలిసింది. ఆమె ఆమేన్ అంటే గొడ్డలి లేస్తుంది.

పొద్దు వాలింది. ఆమె గొంతు జీరబోయింది. తరువాత గుసగుసగా మారింది. తరువాత అదీ పోయింది. పెదాలు కదులుతున్నాయి, అంతే. నాతాను ఇక ఉండబట్టలేకపోయాడు.

"అయిపోయింది! గొంతే లేదు, ఇంకేం ప్రార్థన? ఆమేన్!" అని అరిచాడు. "అనండ్రా! ఎవరైనా అనండి! ఆమేన్!"

కంచె పొడుగునా జనం ఉన్నారు. పిల్లలున్నారు, ముసలివాళ్ళున్నారు. ఒక్క నోరు తెరుచుకోలేదు.

"ఒరే సీమోనూ, ఆమేన్ అన్నాను గదరా! కానియ్యి!"

సీమోను తల్లి పెదాల వంక చూస్తున్నాడు. అవి ఎండి పగిలి రక్తమోడుతున్నాయి. ఇంకా కదులుతున్నాయి.

"నేను అనలేదు చిన్నాయనా" అన్నాడు.

గొడ్డలి కింద పెట్టాడు. ఎవరో అందించిన చెంబు తీసుకుని తల్లి దగ్గరికి వచ్చాడు.

"నీళ్ళు తాగమ్మా."

ఆమె తల అడ్డంగా ఊపింది. పెదాలు ఆగలేదు.

"ఇయ్యాళ చంపను. నీళ్ళు తాగు."

ఆమె వాడి కళ్ళలోకి చూసింది.

"రేపటి సంగతి నాకు తెలీదు. ఇయ్యాళ మాత్రం చంపను. తాగమ్మా."

లేయమ్మ నీళ్ళు తాగింది. కానీ ఆమేన్ మాత్రం అనలేదు.

ఆ మర్నాడు గిద్యోను ఎవరూ చెప్పకుండానే తాలూకా కచేరీకి నడిచిపోయాడు. "ఏలియాను చంపింది నేనే" అని చేతులు చాచాడు. వాళ్ళు జైలుకు పంపారు.

లేయమ్మ రోజూ గుడికి పోయింది. ప్రార్థన కొత్తగా మొదలుపెట్టేది కాదు. నిన్న ఆపిన చోటునుంచి ఎత్తుకునేది. ముగించకుండా లేచిపోయేది. మొదట్లో జనానికి కాళ్ళూ చేతులూ ఆడేవి కాదు, ఎప్పుడు లేవాలో తెలిసేది కాదు. తరువాత అలవాటు పడ్డారు.

"ఆమేన్ ఎప్పుడంటావే లేయా?" అని ఆడవాళ్ళు అడిగేవాళ్ళు.

"సీమోను ఆ పేరు ఎత్తినప్పుడు."

సీమోను పెళ్ళి చేసుకున్నాడు. బిడ్డలను కన్నాడు. తల్లిని బాగా చూసుకున్నాడు. ఆ పేరు మాత్రం ఎత్తలేదు. కొడుకు మొహం చూసినప్పుడల్లా లేయమ్మ ఆశపడేది. ఆశ తీరక మళ్ళీ గుడికి పోయేది.

మిరపకాయలు ఎండబోసిన కాలంలో, కళ్ళంలోనే ఆమె ప్రాణం పోయింది. ఆ పేరు కొడుకు నోట వినకుండానే పోయింది. ఆమేన్ అనకుండానే పోయింది. సమాధి దగ్గర ఉపదేశి ప్రార్థన చేసి ఆమేన్ అన్నాడు. అందరూ అన్నారు. సీమోను పెదాలు మాత్రం కదల్లేదు.

ఇంకా ఎన్నో వానలు కురిశాయి. గిద్యోను జైలునుంచి వచ్చాడు. జుట్టు తెల్లబడింది, వీపు వంగింది. ఆదివారం గుడికి వచ్చాడు గానీ లోపలికి రాలేదు. గడప బయట మట్టిలో కూర్చున్నాడు. గుడి అంతా బిగుసుకుపోయింది. లేయమ్మ లేదు. ఇప్పుడు ఆపేవాళ్ళు ఎవరు?

వాక్యం అయింది. "ఎవరైనా ప్రార్థన చేస్తారా?" అని ఉపదేశి అడిగాడు. ఆయన గొంతు ఆయనకే వినపడలేదు.

మగవాళ్ళ వైపునుంచి సీమోను లేచాడు. అందరూ వాడి చేతులు చూశారు. ఖాళీగా ఉన్నాయి.

"ప్రభువా" అన్నాడు సీమోను.

ఆగాడు. ఒకసారి నోరు తెరిచి మూశాడు. రెండోసారి తెరిచి మూశాడు. మూడోసారి తెరిచాడు.

"గిద్యోను చిన్నాయన."

గడప బయట ముసలివాడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"మా అమ్మ అడిగింది ఇదే. ఆమేన్" అన్నాడు సీమోను.

అప్పుడు గుడి అంతా ఆమేన్ అంది. అన్నేళ్ళుగా బిగబట్టిన ఆమేన్ అది. తాటాకుల కప్పు అదిరిందంటారు. నాతాను మాత్రం అనలేదు. ఆ పై ఆదివారం నుంచి సీమోనూ గిద్యోనూ ఇద్దరూ కలిసి "ప్రభువా, నాతాను" అని మొదలుపెట్టారు.

ఆ పాలెం ఇప్పటికీ ఉంది. గుడికి రేకులు వేశారు. అక్కడ ఇద్దరు పగబట్టి మాట మానేస్తే పంచాయితీ పెట్టరు. ఆదివారం చివరి ప్రార్థనలో ఉపదేశి ఆ ఇద్దరి పేర్లూ చెప్పి ఊరుకుంటాడు. ఆమేన్ అనడు. ఎవరూ లేవరు. ఆ ఇద్దరూ కలిసి అనాలి. కొన్నిసార్లు మధ్యాహ్నం దాటిపోతుంది. అయినా ఎవరూ విసుక్కోరు.

అడిగి అడిగి అలిసిపోయి, ఇక ఆయన వినడులే అని ఏ తల్లైనా కన్నీళ్ళు పెట్టుకుంటే, పక్కనున్న ముసలామె ఆమె మోకాలి మీద చెయ్యి వేస్తుంది.

"అప్పుడే ఆమేన్ అనకమ్మా. లేయమ్మ అనలేదు" అంటుంది.